ఆట మధ్యలో లేవకూడదు

ఫోను మోగడం ఆగిపోయింది. లుసీల్ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

ఒక కాలు వంటింట్లో, ఒక కాలు హాల్లో. చేతుల్లో అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన బీన్స్ కుండ. అడ్డం పెట్టుకున్న పాత తువ్వాలు బాగా పలచబడిపోయింది. అరచేతులు మండుతున్నాయి. అయినా ఆమె కళ్ళు టీవీలో బేస్‌బాల్ ఆట మీదే ఉన్నాయి.

"కదలకు," అన్నాడు ఆమె భర్త ఆర్మాండ్, తల తిప్పకుండానే.

"కదల్లేదు."

"నువ్వక్కడ నిలబడ్డాకే మొదటి హిట్ పడింది."

"తెలుసు. నాకు చెప్పక్కర్లేదు."

థెరూ వాళ్ళ ఇంటి నియమం అది. బోస్టన్‌కి పరుగులు రావడం మొదలైతే ఎవరెక్కడుంటే అక్కడే. కూర్చున్నవాళ్ళు లేవకూడదు, నిలబడ్డవాళ్ళు కూర్చోకూడదు. మగవాళ్ళు టోపీ లోపలివైపు బయటికి తిప్పి పెట్టుకోవాలి. ఆర్మాండ్ తండ్రి దారం మిల్లులో పనిచేసే రోజుల్లో పెట్టిన నియమం. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఎనభై నాలుగేళ్ళ ఆయన భార్య బ్లాంష్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఇప్పటికీ దాన్ని అమలు చేస్తోంది.

ఎనిమిదో ఇన్నింగ్స్. న్యూయార్క్ ఐదు, బోస్టన్ రెండు ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడు ఐదు, నాలుగు. రెండు అవుట్లు; మూడోది పడితే బోస్టన్ వంతు ముగిసినట్టే. మూడు బేసుల మీదా పరుగుకి సిద్ధంగా బోస్టన్ వాళ్ళే. ఒక్క హిట్ పడితే చాలు.

అప్పుడు బోస్టన్‌లో వాన పడింది.

ఇక్కడ మధ్యాహ్నమంతా కురిసి సన్నటి జల్లుగా మిగిలిన వానే అది. అంపైర్ రెండు చేతులూ ఎత్తాడు. ఆటగాళ్ళు లోపలికి పరుగెత్తారు. పనివాళ్ళు పెద్ద పట్టా లాక్కొచ్చి మైదానం కప్పేశారు.

"హమ్మయ్య," అంటూ లుసీల్ వంటింటి వైపు తిరగబోయింది.

"ఎక్కడికి?" అంది బ్లాంష్.

"కుండ దింపి వస్తాను అత్తయ్యా. చేతులు కాలిపోతున్నాయి."

"అక్కడే కింద పెట్టు. అడుగు తియ్యకు. ఆట ఆగిందిగానీ మనవాళ్ళ ఊపు ఆగలేదు."

లుసీల్ వంగి కుండ గడప మీద పెట్టింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. వాటిని ఏప్రన్‌కి రాసుకుంటూ, ఇందాకటి నుంచి అడగాలనుకుంటున్న మాట బయటపెట్టింది.

"ఆ ఫోను ఎవరు చేసుంటారు?"

"ఎవరో ఒకరు చేస్తారు," అన్నాడు ఆర్మాండ్.

"ఈ ఊళ్ళో ఈ టైముకి ఎవరు చేస్తారు?"

బోస్టన్, న్యూయార్క్ ఆడుతున్నప్పుడు ఈ ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యరు. నదికి ఇవతల ఉన్నది బోస్టన్ పక్షం వాళ్ళు. అవతల, న్యూహేవెన్ వైపంతా న్యూయార్క్ పక్షం వాళ్ళు. ఇవతలి వాళ్ళు చేసుండరు. చేస్తే అవతలి వాళ్ళు చెయ్యాలి. అవతల ఈ ఇంటివాళ్ళకున్న మనిషి ఒక్కరే.

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. టీవీలో వాన చూస్తూ ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు.

గంటంబావు గడిచాక వెనక తలుపు తోసుకుని స్టెల్లా వోయ్‌చిక్ వచ్చింది, తడిసిన గొడుగు దులుపుకుంటూ. పక్కింటావిడ. బేస్‌బాల్ అంటే ఏమీ పట్టని మనిషి ఆ వీధి మొత్తానికి ఆమె ఒక్కతే.

"ఏమిటిది? ముగ్గురూ బొమ్మల్లా ఉన్నారు. గడప మీద కుండేమిటి?"

"అక్కడే ఉండు స్టెల్లా. ముందుకి రాకు," అంది బ్లాంష్.

"వస్తే ఏమవుతుందమ్మా, బోస్టన్ మునిగిపోతుందా? ఎలాగూ వానకి మునిగింది." స్టెల్లా నవ్వి, లుసీల్ మొహం చూసి నవ్వు ఆపేసింది. "లుసీల్, ఇందాక మీ ఇంట్లో ఫోను ఎవరూ ఎత్తలేదేం?"

"ఎవరు?"

"మీ అమ్మాయి. జనీన్."

టీవీలో ఎవరో మబ్బుల గురించి మాట్లాడుతున్నాడు.

"మీరు ఎత్తకపోతే నాకు చేసింది. ఇస్త్రీ సగంలో ఉంది, అది కానిచ్చి వద్దామనుకున్నాను. ఇంత విషయమని నాకేం తెలుసు?"

"ఏమంది? ఏడ్చిందా?"

"ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలీలేదు. 'స్టెల్లా ఆంటీ, వాళ్ళు ఎత్తరని నాకు తెలుసు. పరుగులు వస్తున్నాయిగా, ఎవరూ లేవరు. అయినా చేశాను. ఈ అత్తారింట్లో ఈ సంతోషం ఎవరికి చెప్పుకోను? మా ఇంట్లో ఫోను మోగుతోంది కదా, అదైనా విందామనిపించింది. చాలాసేపు మోగనిచ్చాను' అంది."

"పదకొండుసార్లు," అన్నాడు ఆర్మాండ్.

అందరూ అతని వైపు చూశారు. అతను టీవీ వైపే చూస్తున్నాడు. తిరగేసిన టోపీ అంచున లోపలి కుట్లు, చెమట మరకలు కనిపిస్తున్నాయి. అతని ఎడమ చెయ్యి కుర్చీ పక్కనున్న పొట్టి పీట మీద ఉంది. జనీన్ ఆరేళ్ళప్పటి నుంచీ పెళ్ళయ్యేదాకా ఆట చూసింది ఆ పీట మీదే కూర్చుని. ఇప్పుడు దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు.

తను ఒక్కతే లెక్కపెట్టిందనుకుంది లుసీల్.

"ఇంకా ఉంది," అంది స్టెల్లా, గొంతు తగ్గించి. "అల్లుడికి అరిజోనాలో ఉద్యోగమట. బుధవారం సామాను లారీ వస్తుంది. 'అక్కడ మన ఆట రేడియోలో కూడా రాదట ఆంటీ, అమ్మకి చెప్పండి' అంది. అంతే. పెట్టేసింది."

ఆమె గొడుగు తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. చెప్పకూడనిది చెప్పినట్టు, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

"బుధవారం," అంది లుసీల్.

"విన్నాను."

"అరిజోనా, ఆర్మాండ్."

"విన్నానంటున్నాగా! మళ్ళీ చేస్తుందిలే."

"నాలుగేళ్ళకి ఒక్కసారి మోగిన ఫోను. మళ్ళీ ఎప్పుడు మోగుతుంది?"

"ఎత్తాల్సింది మరి."

"నన్నా అంటున్నావు? కదలొద్దన్నది ఎవరు?"

"నేనా మాట అనేసరికే పదకొండూ అయిపోయాయి." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మోగినంతసేపూ నేను నోరు విప్పలేదు. నీ కాళ్ళు నేను కట్టేశానా?"

లుసీల్ తన కాళ్ళ వైపు చూసుకుంది.

నిజమే. మోగుతున్నంతసేపూ ఆమె ఫోను వైపు ఒక్కసారే చూసింది. మిగతా పదిసార్లూ టీవీనే చూసింది. నాలుగో పరుగు రావాలని గట్టిగా కోరుకుంటూ, అరచేతులు కాలుతున్నా కుండ వదలకుండా నిలబడింది. ఈ ఇంటి కోడలై ముప్ఫై ఒక్క ఏళ్ళు. నియమం తనది కాదని ఇంక ఎవరికి చెప్పుకుంటుంది?

"ఇద్దరూ సరిపోయారు," అంది బ్లాంష్ కిటికీ దగ్గర్నుంచి. "ఒకడు టోపీ కాల్చాడు. ఒకతి చేతులు కాల్చుకుంది."

"అమ్మా!"

"ఏం, అబద్ధమా? కాల్చలేదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి నాకు తెలీదని!" ఆర్మాండ్ అరిచాడు, కుర్చీలోంచి లేవకుండానే. "పసిపిల్ల నెత్తిన న్యూయార్క్ టోపీ పెట్టి నా ఇంట్లోకి తీసుకొచ్చారు, బాప్టిజం నాడు. సరదాకి తీసి హాల్లో చలిమంట పొయ్యిలో పడేశాను. వాళ్ళూ నవ్వారు. ముందు అందరూ నవ్వారు! అది చచ్చిపోయిన వియ్యంకుడి టోపీ అని, దాన్ని విప్పి చిన్నది చేసి కుట్టారని నాకెలా తెలుస్తుంది?"

"తెలీనప్పుడు చేశావు. సరే. తెలిశాక ఏం చేశావు?" అంది లుసీల్.

తెలిశాక అతను చేసింది ఏమీ లేదు. ఆ రోజు అల్లుడు కార్మైన్ తెల్లబోయి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇనుప కడ్డీతో నిప్పులు కెలికి, మిగిలిన టోపీ అంచు ముక్క తీసి జేబు రుమాల్లో చుట్టుకున్నాడు. తండ్రి వచ్చి ఒక్క మాట చెబుతాడని జనీన్ కార్లో పది నిమిషాలు ఎదురుచూసింది. ఆర్మాండ్ మెట్ల మీదే నిలబడి, "ఒక టోపీకి ఇంతా?" అన్నాడు. జనీన్ కారు అద్దం దించి, "నాన్నంతట నాన్న వచ్చి పిలిచేదాకా ఈ మెట్లెక్కను" అంది. అప్పుడు పాప టెస్సాకి మూడు నెలలు. ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి.

లుసీల్ గడప మీది కుండ దాటి హాల్లోకి వచ్చింది.

"లుసీల్," అన్నాడు ఆర్మాండ్ హెచ్చరికగా.

"వాన ఆగితే గెలుస్తారో, నేను కదిలితే ఓడతారో. నాకు చాలింక."

నడవలో గోడకున్న ఫోను తీసి నంబరు తిప్పింది. పుస్తకం చూడక్కర్లేదు. నాలుగేళ్ళుగా రోజూ మనసులో తిప్పుకుంటున్న నంబరే.

రెండోసారి మోగేలోపే ఎత్తారు.

"ఎవరూ?"

కార్మైన్ తల్లి ఫిలొమీనా గొంతు. అటువైపు టీవీలోనూ వాన గురించే చెబుతున్నారు.

"నేను వదినగారూ, లుసీల్‌ని."

"నాలుగు పరుగులు చేశారని చెప్పడానికి చేశారా? ఇంకా మేమే ముందున్నాం లెండి."

"అందుక్కాదు. జనీన్ ఉందా?"

"మీ అమ్మాయా? బంగారం లాంటి పిల్ల అనుకున్నాను. ఐదేళ్ళు మా సోఫాలో నోరు మూసుకుని కూర్చుంది. మావాళ్ళు గెలిస్తే అందరికీ కాఫీ పెట్టింది. ఇవాళ మీవాళ్ళకి మూడో పరుగు రాగానే లేచి చప్పట్లు కొట్టింది! ఇంటినిండా మా చుట్టాలు. అంత సంతోషంగా ఉంటే మీ నాన్నకే చెప్పుకో పో అన్నాడు మావాడు. వెళ్ళి ఫోను పట్టుకుంది. ఎంతసేపో పట్టుకుంది. మీరు ఎత్తలేదు."

"ఎత్తలేదు," అంది లుసీల్. ఆట మధ్యలో అన్న మాట నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

ఫిలొమీనాయే అంది. "ఆట మధ్యలో మా ఇంట్లో కూడా లేవరులెండి. దానికి మిమ్మల్ని అనను." గొంతు కొంచెం మారింది. "ఆ పిల్ల మొహం మీరు చూసుండాల్సింది. ఎవరూ ఎత్తని ఫోను పట్టుకుని నవ్వుతూ నిలబడింది. చూడలేక నేనే వంటింట్లోకి వెళ్ళిపోయాను."

"ఒకసారి పిలవండి వదినగారూ."

"ఎక్కడుందని పిలవను? కార్మైన్‌తో మాటా మాటా అయింది. పాపని తీసుకుని కారు తాళాలు పట్టుకుని పోయింది. గంట దాటింది. మీ దగ్గరికి రాలేదా?"

లుసీల్ వీధి తలుపు వైపు చూసింది.

"రాలేదు."

"వస్తే ఒక్క ఫోను కొట్టండి. మావాడు వాకిట్లోనే తిరుగుతున్నాడు. ఇంకో సంగతి. పాప నెత్తిన టోపీ ఉంటుంది. మళ్ళీ నేనే కుట్టాను. పడుకున్నా తియ్యదు. మీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే ఆర్పేసుకోండి."

"చలిమంట వెలిగించలేదు వదినగారూ. ఇంకా చలి రాలేదు."

"మంచిది," అని పెట్టేసింది.

లుసీల్ హాల్లోకి వచ్చేసరికి ఆర్మాండ్ ఆమె మొహమే చూస్తున్నాడు.

"పాపని తీసుకుని బయల్దేరిందట. గంట దాటింది."

"ఎక్కడికి?"

"వాళ్ళకీ తెలీదు."

"ఈ వానలోనా? ఆ కారుకి టైర్లు..." అంటూ ఆగిపోయాడు. ఆ కారు అతను కొనిచ్చిందే, పెళ్ళికి ముందు. ఇప్పుడు అదే కారు ఉందో లేదో అతనికి తెలియదు. "న్యూహేవెన్ నుంచి ఇక్కడికి గంటంబావు. వానైతే ఇంకో పావుగంట."

"ఇక్కడికే వస్తుందని ఎలా అనుకుంటున్నావు?"

"నేను అనుకోవడంలేదు. దూరం చెప్పానంతే."

లుసీల్ బీన్స్ కుండ తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు పళ్ళేలు తీసింది. ఒక్క క్షణం ఆలోచించి ఇంకొకటి, చిన్నది, తీసింది. బ్లాంష్ అది చూసింది.

టీవీలో మైదానం మీది పట్టా లాగేస్తున్నారు. నీళ్ళు ఒక్కసారిగా గడ్డి మీదికి జారాయి. జనం ఈలలు వేస్తున్నారు. న్యూయార్క్ తరఫున కొత్త పిచ్చర్ బంతి విసరడానికి చెయ్యి సాగదీసుకుంటున్నాడు. మూడు బేసుల మీదికీ ముగ్గురు బోస్టన్ వాళ్ళు తిరిగొచ్చి నిలబడ్డారు.

"మొదలవుతోంది," అన్నాడు ఆర్మాండ్. టోపీ సర్దుకున్నాడు. చెయ్యి మళ్ళీ పీట మీదికి వెళ్ళింది.

అప్పుడే వాకిట్లో కారు ఆగింది.

ఇంజను ఆపలేదు. అద్దం మీద తుడిచే పుల్లలు అటూ ఇటూ ఊగుతున్నాయి. తలుపు తెరుచుకోలేదు. లుసీల్ కిటికీ తెర తొలగించి చూసింది. నీలం కారు, అదే. స్టీరింగు మీద రెండు చేతులు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"వచ్చింది," అంది. "ఆర్మాండ్, వచ్చింది. దిగడంలేదు."

"నువ్వు వెళ్ళు."

"నేను వెళ్తే దిగదు. అది పిలవమన్నది నన్ను కాదు."

టీవీలో మొదటి బంతి. బ్యాట్ తగల్లేదు. జనం అయ్యో అన్నారు.

ఆర్మాండ్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"వెళ్ళి ఏం చెప్పను?" అన్నాడు. టీవీనే అడిగినట్టుంది.

రెండో బంతి. అది బ్యాటుకి అందనంత పక్కగా పోయింది.

"లేవరా," అంది బ్లాంష్.

ఆ మాట ఆ ఇంట్లో ఆట మధ్యలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆర్మాండ్ తల్లి వైపు తిరిగాడు. ముసలావిడ అప్పటికే కర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"నీ కుర్చీలో నేను కూర్చుంటాను. కుర్చీ ఖాళీగా ఉండదు, సరేనా? మీ నాన్న ఏమన్నా అంటే నేను చెప్పుకుంటాను. లే."

కుర్చీ స్ప్రింగు కిర్రుమంది.

అతను తల్లికి చెయ్యి ఆసరా ఇచ్చి కూర్చోబెట్టాడు. హాలు దాటాడు. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి మేజోళ్ళతోనే వాకిట్లోకి వెళ్ళాడు. లుసీల్ తలుపు పట్టుకుని అక్కడే ఆగింది.

మెట్ల మీద నిలబడి అతను కారు వైపు చూశాడు. నోరు కదిలింది. మాట వచ్చిందో లేదో లుసీల్‌కి వినిపించలేదు. ఇంకో మెట్టు దిగాడు. మేజోళ్ళు తడిసిపోయాయి.

వెనక తలుపు తెరుచుకుంది. తల్లి "టెస్సా, ఆగు!" అంటూనే ఉంది, చిన్నపిల్ల ఒకతి జల్లులోకి దూకింది. ఎర్ర వానబూట్లు. చెవుల దాకా దిగిన నీలిరంగు న్యూయార్క్ టోపీ. నీటి గుంటలన్నీ తొక్కుకుంటూ నడిచొచ్చి మెట్ల కింద ఆగింది. తల పైకెత్తి అతన్ని చూసింది. జనీన్ కళ్ళే.

లోపల టీవీలో జనం ఒక్కసారిగా హోరుమన్నారు. బ్లాంష్ ఏదో అరిచింది. సంతోషమో, ఏడుపో తెలీలేదు. ఆర్మాండ్ వెనక్కి తిరగలేదు.

"నీ టోపీ తిరగేసి ఉంది," అంది పిల్ల.

"అవునమ్మా."

"టోపీ కాల్చిన తాతయ్యవి నువ్వేనా?"

ఆర్మాండ్ తడి మెట్టు మీద మోకాలు ఆనించి మెల్లగా కూర్చున్నాడు. పిల్ల బుగ్గ మీద వాన చుక్క జారుతోంది. తుడుద్దామని చెయ్యి చాచాడు.

టెస్సా ఒక్క అడుగు వెనక్కి వేసి, రెండు చేతులతో తన టోపీని నెత్తికి గట్టిగా అదిమి పట్టుకుంది.